నల్లరాతికి దూరపు చుట్టం – మారిషస్ దీవి

పిల్లలూ! జగిత్యాల నుంచి కోరుట్లకు పోయే దారిలో మేడిపల్లి ఉంది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు బావి తవ్వించినా మట్టి, మొరం దాటాక గట్టి బండ తగులుతుంది. అది గ్రానైటు జాతి రాయి. ఒక ముక్క చేతిలోకి తీసుకుని ఎండలో తిప్పి చూడండి. తెల్లవీ, గులాబి రంగువీ, నల్లవీ పలుకులు విడివిడిగా మెరుస్తాయి.

ఇప్పుడు ఇంకొక పని చేయండి. ఆదిలాబాదు వైపో, వికారాబాదు వైపో వెళ్ళే చుట్టాలు ఎవరైనా ఉంటే, అక్కడి నల్లరాయి ముక్క ఒకటి తెచ్చిపెట్టమని అడగండి. రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. నల్లరాతిలో పలుకులు కంటికి ఆనవు. కొన్ని ముక్కల్లో చిన్న చిన్న బొక్కలు కూడా ఉంటాయి. ఈ రాతిని బసాల్టు అంటారు.

ఈ తేడా ఎందుకు వచ్చింది? చక్కెర పాకాన్ని కదపకుండా రోజుల తరబడి నెమ్మదిగా ఆరనిస్తే పటికబెల్లంలా పెద్ద పలుకులు కడతాయి. అదే పాకం త్వరగా ఆరిపోతే సన్నని రవ్వే మిగులుతుంది. రాళ్ళ సంగతీ అంతే. రెండు రాళ్ళూ ఒకప్పుడు కరిగిన ద్రవమే. గ్రానైటు భూమి లోతుల్లో లక్షల ఏళ్ళు నెమ్మదిగా చల్లారింది. అందుకే దానికి పెద్ద పలుకులు. బసాల్టు లావాగా నేల మీదికి పొంగి, గాలి తగిలి త్వరగా గడ్డకట్టింది. అందుకే అది నున్నగా ఉంటుంది. దానిలోని బొక్కలు లావాలో చిక్కుకుపోయిన వాయువుల బుడగలు.

ఈ నల్లరాతికి నాలుగున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, హిందూ మహాసముద్రం మధ్యలో, ఒక చుట్టం ఉంది. దాని పేరు మారిషస్. నిలువునా సముద్రంలోంచి పుట్టిన అగ్నిపర్వతపు దీవి అది. పదండి, ఆ దీవిని ఒకసారి చుట్టి వద్దాం. అయితే ఒక షరతు. చూసిన ప్రతి చోటా ఆగి, ‘ఇది ఎలా వచ్చింది?’ అని ప్రశ్న వేసుకోవాలి.

రేవులో పదహారు మెట్లు

మారిషస్ పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 45 కిలోమీటర్లు. అంటే మన జగిత్యాల జిల్లా కంటే కూడా చిన్నదన్నమాట. దాని రాజధాని పోర్ట్ లూయీ. వాయవ్య తీరంలోని ఈ రేవు దగ్గరే మన ప్రయాణం మొదలవుతుంది.

రేవు ఒడ్డున నల్లరాతితో కట్టిన పాత కట్టడాలు కొన్ని, పదహారు మెట్లు కనిపిస్తాయి. ఆ చోటును ఆప్రవాసీ ఘాట్ అంటారు. 1835లో ఆ దీవిలో బానిసత్వం రద్దయింది. చెరకు తోటల్లో పనిచేయటానికి బ్రిటిషువారు మన దేశం నుంచి ఒప్పందం మీద కూలీలను తీసుకుపోయారు. 1834 నుంచి సుమారు ఎనభై ఏళ్ళకు పైగా సాగిన ఈ వలసలో నాలుగున్నర లక్షల మందికి పైగా ఆ దీవికి చేరారు. 1849 నుంచి వారు వచ్చి దిగింది ఈ చోటనే. 2006లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఆ వచ్చినవారిలో తెలుగువారూ ఉన్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కినందువల్ల వారికి అక్కడ ‘కోరంగీలు’ అని పేరు వచ్చింది. వారి మునిమనుమలు ఈనాటికీ ఆ దీవిలో ఉన్నారు. అక్కడి బడుల్లో తెలుగు నేర్పుతారు. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు దినం. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా మారిషస్‌లోనే.

విరిగిన గిన్నె అంచు

రేవులో నిలబడి వెనక్కి తిరిగితే ఎదురుగా కొండలు. వాటిలో ఒకటి బొటనవేలు పైకెత్తినట్లు ఉంటుంది. దాని పేరు లె పూస్. ఫ్రెంచి భాషలో ఆ మాటకు అర్థం కూడా బొటనవేలే. ఎత్తు 812 మీటర్లు. దానికి దగ్గరలోనే పీటర్ బోత్ అనే 820 మీటర్ల శిఖరం ఉంది. దాని కొసన తల పెట్టినట్లు ఒక పెద్ద గుండు నిలిచి ఉంటుంది.

1836 మే నెలలో ఒక యువ శాస్త్రజ్ఞుడు లె పూస్ కొండ ఎక్కాడు. ఆయనే చార్లెస్ డార్విన్. బీగిల్ అనే ఓడలో ప్రపంచమంతా తిరిగి స్వదేశానికి పోతూ ఆయన ఈ దీవిలో కొన్ని రోజులు ఆగాడు. అప్పట్లో దీవిలో ఉన్న ఒకే ఒక్క ఏనుగు మీద కొంత దూరం సవారీ కూడా చేశాడు! కాని ఆయన కన్ను కొండల మీదే ఉంది. ఆ కొండలు దీవి నడుమ భాగం చుట్టూ వలయంలా నిలిచి ఉన్నాయి. సముద్రం వైపు ఏటవాలుగా వాలుతూ, లోపలి వైపు నిట్టనిలువుగా తెగి ఉన్నాయి.

ఒక మట్టిగిన్నె నడుమ భాగం కుంగి, అంచు ముక్కలు మాత్రం అక్కడక్కడ మిగిలాయనుకోండి. ఆ ముక్కలను చూసి గిన్నె ఎంత పెద్దదో ఊహించవచ్చు కదా! ఈ కొండలూ అలాంటి అంచు ముక్కలే. మొదట సముద్రంలోంచి లేచిన పెద్ద అగ్నిపర్వతం కుంగగా, వానకూ గాలికీ అరగగా మిగిలినవి ఇవి. దీవి మీద కనిపించే లావాలో అన్నిటికంటే పాతది సుమారు 90 లక్షల ఏళ్ళ నాటిది.

జింకల గొయ్యి

ఇక దీవి నడుమకు పోదాం. క్యూర్‌పీప్ అనే ఊరిలో ఇళ్ళ మధ్యలోనే ఒక అగ్నిపర్వతపు నోరు ఉంది! దాని పేరు త్రూ ఓ సెర్. అంటే జింకల గొయ్యి. చుట్టూ బాట వేశారు. పొద్దున్నే పెద్దలు అక్కడ షికారు చేస్తారు. గొయ్యి అడ్డుకొలత సుమారు 300 మీటర్లు. లోతు సుమారు 80 మీటర్లు. అడుగున కాస్త నీరు, బురద, చుట్టూ పచ్చని చెట్లు. చుట్టూ ఒకసారి నడిస్తే ఎంత దూరం అవుతుందో మీరే లెక్క కట్టండి. వృత్తం చుట్టుకొలత సూత్రం మీకు తెలుసు కదా. ఇంచుమించు ఒక కిలోమీటరు వస్తుంది.

దక్షిణంగా పోతే ఇలాంటి నోరే ఇంకొకటి నీటితో నిండి చెరువైంది. దాన్ని గ్రాఁ బాసేఁ అనీ, గంగా తలావ్ అనీ పిలుస్తారు. శివరాత్రికి దీవి నలుమూలల నుంచి భక్తులు నడిచి అక్కడికి చేరుకుంటారు.

‘మరి ఈ నోళ్ళు మళ్ళీ నిప్పు కక్కవా?’ అని మీరు అడగవచ్చు. ఈ దీవిలో చివరిసారి లావా పొంగి సుమారు 25 వేల ఏళ్ళయింది. అప్పటి నుంచి నిశ్శబ్దమే. కాని పొరుగున, సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, రీయూనియన్ అనే దీవి ఉంది. అక్కడి పితోఁ ద లా ఫుర్నేజ్ అనే అగ్నిపర్వతం ప్రపంచంలో అతి తరచుగా లావా కక్కేవాటిలో ఒకటి. ఇక్కడ ఆరిపోయిన పొయ్యి అక్కడ ఎలా మండుతోంది?

కదిలే మూత, కదలని దీపం

దీనికి జవాబు మీ ఇంట్లోనే దొరుకుతుంది. ఒక కొవ్వొత్తి వెలిగించండి. పాత స్టీలు మూతను పట్టకారుతో పట్టుకుని మంట కొసకు తగిలీ తగలకుండా పెట్టండి. రెండు క్షణాల్లో నల్లని మసి మచ్చ ఏర్పడుతుంది. మూతను రెండంగుళాలు జరిపి మళ్ళీ ఆపండి. ఇంకొక మచ్చ. అలా జరుపుతూ పోతే మచ్చల వరుస ఏర్పడుతుంది. కొవ్వొత్తి మాత్రం ఉన్నచోటనే ఉంది. పెద్దవాళ్ళను పక్కన ఉంచుకునే ఈ ప్రయోగం చేయండి. మూత కాలుతుంది, జాగ్రత్త!

భూమి పైపొర ఒకే ముక్క కాదు. పెద్ద పెద్ద పలకలుగా విడిపోయి ఉంది. ఈ పలకలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతుంటాయి. వాటి కింద, భూమి లోతుల్లో, కొన్ని చోట్ల వేడి ఎడతెగకుండా పైకి ఎగదన్నుతుంటుంది. అలాంటి చోటు మన ప్రయోగంలో కొవ్వొత్తి. పలక మన స్టీలు మూత. మసి మచ్చలు అగ్నిపర్వతపు దీవులు.

సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం మన దేశం ఇప్పుడున్న చోటుకు చాలా దక్షిణంగా ఉండేది. అప్పుడది ఈ వేడిచోటు మీదుగా పోయింది. లావా పొంగి పొంగి, పొర మీద పొరగా దక్కను పీఠభూమిని కప్పింది. మహారాష్ట్రలోని నల్లకొండలు, ఆదిలాబాదు, వికారాబాదు ప్రాంతాల నల్లరాయి ఆ పొరలే. అవి శిథిలమై ఏర్పడినదే పత్తి పండే నల్లరేగడి. మన దేశం ఉత్తరానికి జరుగుతున్నకొద్దీ అదే వేడిచోటు సముద్రంలో లక్షదీవులు, మాల్దీవులు, చాగోస్ దీవుల కింద ఉన్న అగ్నిపర్వతాలను వరుసగా పుట్టించింది. తరువాత, సముద్రపు అడుగున పలకలను విడదీసే పగులు ఆ చోటు మీదుగా జరిగింది. అప్పటి నుంచి మచ్చలు ఆఫ్రికా పలక మీద పడసాగాయి. అలా మారిషస్ పుట్టింది. ఆ పలకా జరిగింది. ఇప్పుడు దీపం మీద ఉన్నది రీయూనియన్. శాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది అంగీకరించే వివరణ ఇది. మీ చుట్టాలు తెచ్చిన నల్లరాయికీ మారిషస్‌కూ చుట్టరికం ఎలా కుదిరిందో తెలిసింది కదూ!

రంగుల మట్టి, రాతి స్తంభాలు

నైరుతి మూలన షామరెల్ అనే ఊరు ఉంది. అక్కడ మట్టిదిబ్బలు ఎరుపు, గోధుమ, పసుపు, ఊదా రంగుల్లో చీర మడతల్లా పరుచుకుని ఉంటాయి. ‘ఏడు రంగుల మట్టి’ అని దానికి పేరు. దాని మీద గడ్డి కూడా మొలవదు.

నల్లరాయి రంగురంగుల మట్టి ఎలా అయింది? వేడి, వాన ఎక్కువగా ఉన్న చోట బసాల్టు కుళ్ళి మట్టిగా మారుతుంది. నీటిలో కరిగే పదార్థాలు కొట్టుకుపోతాయి. కరగని ఇనుము, అల్యూమినియం ఆక్సైడులు మిగులుతాయి. తుప్పు పట్టిన మేకు ఏ రంగులో ఉంటుందో మీకు తెలుసు. ఇనుము పాలు ఎక్కువున్న చోట ఆ రంగే వస్తుంది. పాళ్ళు మారినకొద్దీ రంగులు మారతాయి. మన జహీరాబాదు, వికారాబాదు ప్రాంతాల ఎర్ర మొరం కూడా నల్లరాయి ఇలాగే కుళ్ళి ఏర్పడినదే.

షామరెల్‌కు దగ్గరలోనే సుమారు 100 మీటర్ల జలపాతం దూకుతుంది. అది కోసిన రాతిగోడలో లావా పొరలు పేర్చిన రొట్టెల్లా కనిపిస్తాయి. దక్షిణాన సుయ్యాక్ ఊరి దగ్గర రోచెస్టర్ జలపాతం చిన్నదే గాని, దాని రాళ్ళు చెక్కిన స్తంభాల్లా వరుసగా నిలబడి ఉంటాయి. ఎవరూ చెక్కలేదు. ఎండాకాలం చెరువు ఎండినప్పుడు అడుగున బురద నెర్రెలు విచ్చి పలకలు పలకలుగా విడిపోవటం చూశారా? లావా కూడా చల్లారుతూ కుంచించుకుపోయి అలాగే పగులుతుంది. ఆ పగుళ్ళు లోపలికి దిగితే రాతి స్తంభాలు ఏర్పడతాయి.

నల్లదీవికి తెల్ల ఇసుక ఎక్కడిది?

సముద్రపు ఒడ్డుకు వచ్చాం. ఇక్కడ ఒక చిక్కుప్రశ్న. దీవి అంతా నల్లరాయి. మరి ఒడ్డున ఇసుక తెల్లగా ఉందేం?

ఆ ఇసుక రాతి నుంచి వచ్చింది కాదు. ప్రాణుల నుంచి వచ్చింది! దీవి చుట్టూ సుమారు 150 కిలోమీటర్ల పొడవున పగడపు దిబ్బ కోటగోడలా ఉంది. పగడాలు చిన్న చిన్న జంతువులు. సముద్రపు నీటిలోని సున్నాన్ని తీసుకుని ఇళ్ళు కట్టుకుంటాయి. ఆ ఇళ్ళూ, గవ్వలూ పొడి అయితే తెల్ల ఇసుక. ఆగ్నేయ తీరంలోని బ్లూ బే దగ్గర అడుగున అద్దం బిగించిన పడవలో కూర్చుంటే పగడాలూ, వాటి మధ్య రంగుచేపలూ కనిపిస్తాయి.

ఈ గోడ విలువ తెలియాలంటే దక్షిణాన గ్రి గ్రి అనే చోటుకు పోవాలి. అక్కడ దిబ్బ తెగిపోయి ఉంది. అలలు నేరుగా వచ్చి నల్లని రాతికొండలను బాదుతుంటాయి. మిగతా తీరంలో మోకాలి లోతు నీళ్ళలో పిల్లలు ఆడుకుంటుంటే, ఇక్కడ ఈతకు దిగటమే ప్రమాదం.

2020 జూలై 25న వకాషియో అనే పెద్ద సరుకు ఓడ బ్లూ బేకు దగ్గరలో పగడపు దిబ్బకు కొట్టుకుని ఆగిపోయింది. ఆగస్టులో దాని పొట్ట పగిలి సుమారు వెయ్యి టన్నుల నూనె సముద్రంలో కలిసింది. దీవి ప్రజలు ఊరుకోలేదు. ఎండిన చెరకు ఆకులను గుడ్డసంచుల్లో కూరి, పొడవాటి తాళ్ళలా కుట్టి, నూనె ఒడ్డుకు రాకుండా నీటి మీద అడ్డుకట్టలు వేశారు. పిల్లలూ పెద్దలూ రాత్రింబవళ్ళు పనిచేశారు. వేల ఏళ్ళుగా పగడాలు కట్టిన గోడకు ఒక్క ఓడ చాలు, చేటు తేవటానికి.

ఎగరటం మరిచిన పిట్ట

నడిసముద్రంలో పుట్టిన దీవికి పులి ఎలా వస్తుంది? నక్క ఎలా వస్తుంది? ఎగిరి వచ్చేవీ, ఈదుతూ తేలుతూ వచ్చేవీ మాత్రమే చేరగలవు. అందుకే మనుషులు రాకముందు మారిషస్‌లో నేల మీద వేటాడే జంతువులు లేవు. తరిమేవారు లేనప్పుడు ఎగరవలసిన పనేముంది? పావురాల జాతికి చెందిన ఒక పిట్ట తరతరాలుగా అక్కడే ఉండి, ఒళ్ళు పెరిగి, ఎగిరే శక్తి పోగొట్టుకుంది. అదే డోడో.

1598లో డచ్చి నావికులు వచ్చారు. వారితో ఎలుకలు, పందులు, కోతులు వచ్చాయి. అవి నేల మీది గూళ్ళలోని గుడ్లు తినేశాయి. అడవులు నరికారు. నూరేళ్ళు గడవకముందే డోడో అంతరించింది. 1865లో జార్జి క్లార్క్ అనే బడిపంతులు ఒక బురదమడుగులో దాని ఎముకలు బయటికి తీశాడు. డోడో గురించి మనకు తెలిసినదానిలో చాలా భాగం ఆ ఎముకల చలవే.

ఇంకొక పిట్ట కథ మాత్రం బాగా ముగిసింది. మారిషస్ చిన్న డేగలు 1974 నాటికి అడవిలో నాలుగే మిగిలాయి. శాస్త్రజ్ఞులు గుడ్లను జాగ్రత్తగా పొదిగించి, పిల్లలను పెంచి అడవిలో వదిలారు. అవి మళ్ళీ వందల్లోకి పెరిగాయి.

రాళ్ళ గుట్టలు, ముసలి గింజ

తిరుగు ప్రయాణంలో దారి పొడవునా చెరకు తోటలు. వాటి మధ్య అక్కడక్కడ నల్లరాళ్ళ గుట్టలు. ఇవి అగ్నిపర్వతం పేర్చినవి కావు. మనుషులు పేర్చినవి. లావా గడ్డకట్టిన నేల నిండా రాళ్ళే కాబట్టి, వాటిని ఏరితే గాని చెరకు నాటటం కుదరదు. మొదట బానిసలూ, తరువాత మన కూలీలూ చేతులతో ఎత్తి పేర్చిన రాళ్ళవి. మేడిపల్లిలో మక్కచేనో పసుపుచేనో దున్నేముందు రాళ్ళు ఏరి గట్టున వేయటం మీరు చూసే ఉంటారు. ఆ పని దీవి అంతటా చేశారనుకోండి, ఆ కష్టం ఎంతటిదో తెలుస్తుంది.

చివరగా ఒక వింత చెప్పి ముగిస్తాను. 2013లో శాస్త్రజ్ఞులు మారిషస్ తీరపు ఇసుకలో జిర్కాన్ అనే ఖనిజపు గింజలు కొన్ని కనుగొన్నారు. ఆ గింజల్లో కొద్దిగా యురేనియం ఉంటుంది. అది ఒకే లెక్క ప్రకారం నెమ్మదిగా సీసంగా మారుతుంది. ఎంత మారిందో కొలిస్తే గింజ వయసు తెలుస్తుంది. అవి దీవి వయసుకు పొంతన లేనంత పాతవని తేలింది! ‘గాలి తెచ్చిందేమో, ఎవరి చెప్పులకో అంటుకుని వచ్చాయేమో’ అని కొందరు అనుమానించారు. న్యాయమైన అనుమానమే. 2017లో మరి కొన్ని గింజలు దీవిలోని రాతి లోపలే దొరికాయి. రాతి లోపలికి గాలి మోసుకురాలేదు కదా. వాటిలో కొన్నిటి వయసు 300 కోట్ల ఏళ్ళు.

90 లక్షల ఏళ్ళ దీవిలో 300 కోట్ల ఏళ్ళ గింజ! అంటే దీవి కింద, సముద్రంలో మునిగిపోయిన పాత ఖండపు ముక్క ఒకటి ఉందన్నమాట. మన దేశం, మడగాస్కర్ ఒకటిగా కలిసి ఉన్నప్పుడు ఆ ముక్క వాటి మధ్య ఉండేది. అవి విడిపోయినప్పుడు అది సముద్రం పాలయింది. లావా దాన్ని చీల్చుకుని పైకి వస్తూ ఆ గింజలను మోసుకొచ్చింది. జిర్కాన్ గింజలు ఎక్కువగా పుట్టేది గ్రానైటు జాతి రాళ్ళలో. మేడిపల్లి బావి అడుగున తగిలే బండల వంటి రాళ్ళలోనే. ఆ బండల వయసు కూడా సుమారు 250 కోట్ల ఏళ్ళు.

కనుక పిల్లలూ, మారిషస్ పైన ఉన్నది మన నల్లరాతికి చుట్టం, అడుగున ఉన్నది మన బండరాతికి చుట్టం. ఆ రెండు రాతిముక్కలనూ పారేయకండి. మీ బడిలో ఒక అట్టపెట్టెలో పెట్టి, ఏది ఎక్కడ దొరికిందో చీటీ రాసి అంటించండి. ఈసారి మీ ఊళ్ళో ఎవరైనా బావి తవ్విస్తుంటే దగ్గర నిలబడి, పైకి వచ్చే ప్రతి పొరనూ చూసి, ‘ఇది ఎలా వచ్చింది?’ అని అడగండి.